ఇరవై అడుగుల వెనకాల

ఆయన పోయారన్న కబురు పొద్దున్నే మా నడక గ్రూపులో వచ్చింది. గంటసేపు అందరం చేతులు జోడించిన బొమ్మలు పంపుకున్నాం. ఆ తర్వాత ఆయన కొడుకు ఫోన్ చేసి, దండ వెయ్యడానికి మంచి ఫోటో ఒకటి కావాలన్నాడు. ఇంట్లో ఉన్నవి రెండే. ఒకటి ఎప్పటిదో పెళ్ళి ఫోటో, రెండోది రిటైర్మెంటు రోజుది. అందులో మెడలో పూలదండలు ముక్కు దాకా వచ్చేసి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయట. "మీరంతా కలిసి ఎన్ని చోట్లకి తిరిగారాంటీ, మీ దగ్గర ఒక్కటైనా ఉంటుంది కదా" అన్నాడు.

ఒక్కటీ లేదు. అందరం ఫోన్లు తవ్వుకున్నాం. ఏళ్ళ తరబడి నడకల ఫోటోలు, కొన్ని వందలున్నాయి. ప్రతి దాంట్లోనూ ముందు మేం పళ్ళికిలించుకుని నిలబడి ఉన్నాం. మా వెనకాల ఎక్కడో దారి చివర, బొటనవేలి గోరంత మనిషి ఒకాయన తెల్ల టోపీ పెట్టుకుని వస్తున్నాడు. కొన్నిట్లో ఆ టోపీ కూడా లేదు, చెట్టు పక్కన చొక్కా భుజం మాత్రం కనిపిస్తోంది. చివరికి ఆ గోరంత మనిషినే కత్తిరించి పెద్దది చేయించాం. మొహం చుక్కలు చుక్కలుగా వచ్చింది. దానికే దండ వేశారు.

అది చూసి నాకు నవ్వొచ్చింది. పక్కనున్న మా నడక గ్రూపు నర్సమ్మ గారు మోచేత్తో పొడిస్తే గానీ ఆగలేదు. ఆయన మీద ప్రేమ లేక నవ్వలేదు. ఆయనకి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండేది. దాన్ని రెండేళ్ళు గొంతులో పెట్టుకుని తిరిగాను. ఆయన బతికుండగానే, ఎదురుగా నిలబడి చెప్పేశాను. చెప్పకముందే ఈ రోజు వచ్చుంటే నేను ఆ దండ దగ్గరికి వెళ్ళగలిగేదాన్ని కాదు.

ఆయన్ని మొదటిసారి చూసింది రాయ్‌పూర్‌లో, తెలీబంధా చెరువు చుట్టూ ఉన్న నడకదారిలో. డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి మొహం ముడుచుకుని, రోజూ నడిచి తీరాలన్నాడు. బాంకు కుర్చీకి ఇరవై ఏళ్ళుగా అతుక్కుపోయిన దాన్ని. ఏడుస్తూ లేచి వెళ్ళేదాన్ని, ఏడుస్తూ నడిచేదాన్ని. మూడో రోజు గమనించాను, నా వెనకాల ఒక పెద్దమనిషి వస్తున్నాడు. నేను ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు. ఎప్పుడు తిరిగి చూసినా సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో ఉంటాడు. ఫోన్లో మా చెల్లెలితో, "ఎవరో ముసలాయన వెంటపడ్డాడే, ఈ వయసులో ఇదేం పోయేకాలం" అన్నాను. చుట్టూ ఉన్నది హిందీవాళ్ళే కదా అన్న ధీమాతో గొంతు కూడా తగ్గించలేదు.

"ఎంటపడ్లేదమ్మా, ఎనకాలున్నాను" అని తెలుగులో వినిపించింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు చెయ్యి చాపి ముందుకి చూపించారు. "అల్లదిగో, ఆ పోతన్నోలందరూ మనోలే. తెలుగోలు. నువ్వు మూడ్రోజుల నుంచీ అందరికన్నా స్లోగా నడుస్తన్నావు. ఎనకాల ఎవులో ఒకలు ఉండాలి కదేటి?"

సంగతేమిటంటే, నా ఫోను కబుర్లు విని నేను తెలుగుదాన్నని కనిపెట్టి, నాతో మాట మాత్రం చెప్పకుండా నన్ను తన బండికి తగిలించేసుకున్నారు. ఆ రోజు నుంచి నేను ఆ గుంపులో మనిషినయ్యాను. ఆయన నాకు బాబాయ్ గారయ్యారు.

బాబాయ్ గారిది శ్రీకాకుళం వైపు. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సు గార్డంటే బండికి చిట్టచివర ఒక చిన్న డబ్బాలో ఒంటరిగా కూర్చునే మనిషి. ఫానుండదు, మాట్లాడే మనిషుండడు. ముందు యాభై అరవై వాగన్ల బొగ్గో బియ్యమో ఉంటుంది. "డ్రైవరుకి రాబోయేది కనిపిస్తాది. నాకెప్పుడూ ఎల్లిపోయినదే కనిపించీది" అనేవారు. ఆ మాట దిగులుగా అనేవారు కాదు. తన ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పేవారు.

అందరికంటే వెనక నడవడం ఆయనకి అక్కడ అబ్బిన అలవాటే. బండి స్టేషను దాటుతున్నప్పుడు స్టేషన్ మాస్టరు ఇంజన్ని చూసి తృప్తిపడడట. చివరి డబ్బా కంటితో చూడాలి. అది వచ్చిందంటే మధ్యలో ఏదీ తెగి ఉండిపోలేదని లెక్క. అప్పుడే వెనక వచ్చే బండికి దారిస్తారు. ఆయన మమ్మల్ని కూడా అలాగే నడిపించేవారు. ఎప్పుడూ తలలు లెక్కపెట్టేవారు కాదు. "నానొచ్చీనానంటే అందరూ వచ్చీసినట్టే" అనేవారు. ఎవరైనా చెప్పు తెగి ఆగితే ఆయనా ఆగి ఆకాశంకేసి చూస్తూ నిలబడేవారు. ఆడవాళ్ళం ఏ పొదచాటుకో వెళ్ళాల్సి వస్తే మాకు వీపు పెట్టి, ఎదురుగా ఉన్న చెట్టు తునికా ఇప్పా అని తనలో తనే గట్టిగా చర్చించేవారు. ఆ చర్చ వినపడినంతసేపూ మాకు భయముండేది కాదు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళని తిట్టేవారు కాదు, కారణం అడిగేవారు. అది తిట్టడం కంటే ఘోరం. "పదకొండు నిమిషాలు లేటు. ఏటి కారణం?" అనేవారు. పాలు పొంగాయండీ అంటే, "పాలకి అయిదు ఇస్తన్నాను. మిగతా ఆరూ?" అనేవారు. మాతో నడిచే రిటైర్డ్ మాస్టారు ఒకాయన జీవితమంతా పిల్లల్ని ఇలాంటి ప్రశ్నలతో ఏడిపించిన మనిషి. ఆయనే ఈ ప్రశ్నకి తలకాయ దించుకునేవాడు. ఏడున్నర అనే మాట బాబాయ్ గారి నోట నేనెప్పుడూ వినలేదు. ఏడు ఇరవయ్యెనిమిది అనేవారు, లేకపోతే ఏడు ముప్ఫైమూడు అనేవారు.

రాయ్‌పూర్‌లో అన్నేళ్ళున్నా ఆయన హిందీ శ్రీకాకుళం దాటి రాలేదు. ఊళ్ళలో ఎవరినైనా దారి అడగాలంటే, "భయ్యా అండీ, తిల్దా రోడ్ కిధర్ అండీ" అనేవారు. ఛత్తీస్‌గఢ్ రైతులు ఆ 'అండీ'ని ఏదో పెద్ద మర్యాదగా తీసుకుని సైకిలు దిగి మరీ దారి చెప్పేవారు. అంత శుద్ధమైన హిందీ మాట్లాడే మాకు చెయ్యి ఊపి పంపించేవారు.

చెరువు చుట్టూ రోజూ తిరగడం సరే, నెలకోసారి బయటికి వెళ్ళాలన్న పట్టు ఆయనదే. నర్సమ్మ గారు కాకినాడ వైపు క్రైస్తవులు, ఆదివారం చర్చి మానరు. అందుకని రెండో శనివారం పెట్టారు. నాకు బాంకు సెలవు కాబట్టి నా నోరూ మూతపడింది. లోకల్ బండెక్కి ఒక చిన్న స్టేషన్లో దిగడం, పొలాల మధ్య బళ్ళబాటల్లో పక్క స్టేషను దాకా నడవడం, అక్కడ మళ్ళీ బండెక్కి ఇంటికి రావడం. దీన్ని ఆయన సెక్షన్ అనేవారు. "ఈ నెల సిల్యారీ సెక్షను" అని కబురొచ్చేది. పట్టాల పక్కన మాత్రం ఒక్క అడుగు వెయ్యనిచ్చేవారు కాదు.

ఆ చోట్లెలా ఎంచుకుంటారని ఒకసారి అడిగాను. గూడ్సు బళ్ళని చిన్న స్టేషన్లలో పక్క లైనులో పెట్టి గంటలకొద్దీ ఆపేస్తారట, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్సులకి దారి ఇవ్వడానికి. గార్డు తన డబ్బా వదిలి పోకూడదు. "ఆ సెరువులో తామరపూలు సూసీవోడిని. ఆ ఇప్పసెట్టు కింద మేకలు పడుకునీవి. దిగి ఒక్క పది నిమిషాలు ఆ నీడలో కూకుందామని ఎన్నేళ్ళు అనుకున్నాననుకున్నావు?" అన్నారు. అంటే మమ్మల్ని తీసుకెళ్ళినవన్నీ ఆయన దూరం నుంచి చూస్తూ ఉండిపోయిన చోట్లు. అలాంటి చెట్టు దగ్గరికి చేరగానే నీడలో కూర్చుని, సంచీలోంచి మరమరాలూ ఉల్లిపాయలూ వేయించిన పల్లీలూ తీసి పేపరు మీద కలిపేవారు. అప్పుడు ఆ మొహంలో ఎంత తృప్తి ఉండేదో నేను సరిగ్గా చెప్పలేను. నాకూ అలాగే ఉండేది. ఏళ్ళ తర్వాత నేను ఆరుబయట గాలి పీల్చింది ఆయన వల్లనే.

ఇప్పుడు ఆ శనివారం గురించి చెప్పాలి. కరోనాకి ముందు ఏడాది, కార్తీకమాసం. వరి కోతకొచ్చి ఉంది. మా అమ్మాయి స్వాతికి అప్పుడు పదకొండేళ్ళు, నాతో వచ్చింది. తిల్దాకి ముందు స్టేషన్లో దిగి తిల్దా దాకా నడక. ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మాస్టారికి కళ్ళు తిరిగాయి. నర్సమ్మ గారు నాడి చూసి, నీడలో పడుకోబెట్టి, నడిపించొద్దన్నారు. తిల్దా స్టేషను దాకా దింపమని, మోటారు సైకిలు మీద పోతున్న ఒక ఊరాయన్ని ఆపాం. మాస్టారిని మధ్యలో కూర్చోబెట్టి వెనకనుంచి ఎవరో పట్టుకోవాలి. అంత బరువు ఆపగలిగింది బాబాయ్ గారొక్కరే.

బండెక్కబోతూ ఆగి నన్ను పిలిచారు. "అమ్మా, నువ్వు ఎనకాలుండాలి. ఛార్జి తీసుకున్నావా?" అన్నారు. రైల్వేలో డ్యూటీ అప్పగించేటప్పుడు అవతలి మనిషి నోటితో చెప్పాలట. "తీసుకున్నా బాబాయ్ గారూ, మీరు టెన్షన్ పడకండి" అని నవ్వాను. మాస్టారి గొడవలో ఉన్న మిగతావాళ్ళెవరూ ఈ మాట వినలేదు.

పావుగంట బుద్ధిగా చివర నడిచాను. తర్వాత మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ ఆడపడుచు కూతురి పెళ్ళికి ఎవరెవరిని పిలవలేదో చెప్పడం మొదలుపెట్టింది. అలాంటి కబుర్లు వింటుంటే నాకు కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. ఒకరిని దాటాను, ఇద్దరిని దాటాను. తిల్దా స్టేషను దగ్గరికి వచ్చేసరికి గుంపు మధ్యలో ఉన్నాను, ఫోను చెవిలోనే ఉంది. ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్న బాబాయ్ గారు దూరం నుంచే చెయ్యి పైకెత్తి చూపించారు. గార్డులు స్టేషను వాళ్ళతో అలాగే సైగ చేసుకుంటారు, అంతా సరిగ్గా ఉందా అని. ఆయనతో తిరిగీ తిరిగీ మాకందరికీ అది అలవాటైపోయింది. నేనూ అలవాటుగా చెయ్యెత్తాను. అంతా సరిగ్గా ఉందని జవాబిచ్చాను.

లోకల్ వస్తోందని ప్రకటించాక స్వాతి కోసం చూశాను. నర్సమ్మ గారి దగ్గరుందనుకున్నాను. ఆవిడ నా దగ్గరుందనుకున్నారు.

వచ్చిన దారిలో మూడు చెరువులున్నాయి, పక్కన రైలు పట్టాలున్నాయి. ఆ క్షణంలో నాకు కనిపించిన మనిషి బాబాయ్ గారు. మాస్టారికి నీళ్ళు పట్టిస్తున్నారు. మీద పడిపోయాను. "నా పిల్లేదీ? ఎనకాల ఉంటానంటారు కదా, ఏం చూశారు మీరు? జీవితమంతా గార్డుగా చేశారు, ఒక పిల్లని చూడలేకపోయారా? మిమ్మల్ని నమ్మి తీసుకురావడం నాదే బుద్ధి తక్కువ!" ఇంకా చాలా అన్నాను. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా వింటున్నారు.

ఆయన గ్లాసు కింద పెట్టి లేచారు. "తప్పు నాదేనమ్మా" అన్నారు. "స్వాతి గుంట ఎక్కడో ఉండిపోనాది. బేగి పద."

అరవై దాటిన మనిషి పరిగెత్తారు. నేను వెనకాల. మొదటి చెరువు దగ్గర ఎవరూ లేరు. ఆ నీళ్ళకేసి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆయనే గట్టు ఎక్కి చూసి చెయ్యి అడ్డంగా ఊపారు. రెండో చెరువులో ఆడవాళ్ళు సింగాడా అనే ముళ్ళ నీటికాయలు ఏరుతున్నారు. గట్టు మీద ఒక ముసలమ్మ పక్కన స్వాతి కూర్చుని, ఒళ్ళో కాయలు పోసుకుని, ముల్లు గుచ్చుకోకుండా తొక్క ఎలా ఒలవాలో నేర్చుకుంటోంది. "మమ్మీ, ఇవి పచ్చివే తినొచ్చట" అంది. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏ నోనీ తోర్ ఆయ్ కా?" అని అడిగింది, ఈ పిల్ల నీదేనా అని. పిల్లని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. బాబాయ్ గారు గట్టు మీద కూలబడి మోకాలు పట్టుకుని రొప్పుతున్నారు.

నాకు అప్పటికే అంతా గుర్తొచ్చేసింది, ఛార్జీ, ఫోనూ, నేనెత్తిన చెయ్యీ. అక్కడ ఆ ముసలమ్మ ముందరే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. తర్వాతి లోకల్లో తిరిగొస్తుంటే గుంపులో ఒకాయన, "పెద్దాయనకి వయసైపోయింది, ఇంక ఆయన మీద వదలకూడదు" అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న బాబాయ్ గారికి అది వినపడింది. ఒక్క వాక్యం చాలు ఆయనకి, ఛార్జి ఈ అమ్మాయి దగ్గరుంది అని. అనలేదు. నేనూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన తెలీబంధా చెరువు దగ్గరికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. సెక్షన్లు ఆగిపోయాయి. అంతలో కరోనా వచ్చింది. రోజూ గ్రూపులో ఎవరో ఒకరు పోయారన్న కబురు. ఫోను మోగితే ముందు ఆయన పేరేమోనని చూసేదాన్ని. కాదని తెలిస్తే హమ్మయ్య అనుకునేదాన్ని. ఎవరో పోతే హమ్మయ్య అనుకునే మనిషినయ్యానేమిటని నన్ను నేనే అసహ్యించుకున్నాను. ఆయన పోతే నా అబద్ధం ఇంక ఎప్పటికీ నిజమై కూర్చుంటుంది. నాకున్న భయం అది.

లోకల్ బళ్ళు మళ్ళీ మొదలయ్యాయని పేపర్లో చూసిన రోజు స్కూటీ తీసుకుని భన్‌పురి వెళ్ళాను. ఆయన ఇల్లు అక్కడే, ఫాక్టరీల వెనక సందులో. లారీల మధ్యనుంచి దారి. చెట్ల ఆకుల మీద కూడా నల్లటి దుమ్ము. పిన్ని గారు తలుపు తీసి, ఏ నిష్ఠూరమూ లేకుండా, "మీ బాబాయ్ డ్యూటీలో ఉన్నారమ్మా, మేడ మీద" అన్నారు.

మేడెక్కితే ఆయన పిట్టగోడ వెంబడే గుండ్రంగా నడుస్తున్నారు. గోడ మీద సుద్దముక్కతో పేర్లు రాసుకున్నారు. నీళ్ళ ట్యాంకు దగ్గర సిల్యారీ, బట్టలారేసే తీగ దగ్గర తిల్దా. తామరపూల చెరువు దగ్గర కూర్చోవాలని ఏళ్ళ తరబడి ఆశపడ్డ మనిషి ఆ దుమ్ములో ట్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. అది నా మూలంగానే అనుకునేసరికి ఇంక ఆగలేకపోయాను.

"బాబాయ్ గారూ, ఆ రోజు తప్పు నాది. ఛార్జి తీసుకున్నానని మీకు చెప్పి ఫోన్లో మాట్లాడుకుంటూ ముందుకి వచ్చేశాను. మీరు చెయ్యెత్తితే చూడకుండానే చెయ్యెత్తాను. అది తెలిసి కూడా అందరిముందూ మిమ్మల్ని అన్నాను. తెలిసి కూడా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను." ఏడుస్తూ అన్నానో అరుస్తూ అన్నానో నాకే తెలీదు.

ఆయన ఆగి, టోపీ తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నాకు తెల్దనుకున్నావేటి?" అన్నారు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏటి సెప్పాలి? నువ్వు సెయ్యెత్తినావు. రెండో సేత్తో సెవి దగ్గర ఫోనుంది. నాను సూసినాను కదా ఫోను! కళ్ళు లైను మీద లేనోలు ఊపిన సెయ్యి ఒప్పుకోకూడదు. ముప్ఫయ్యేళ్ళు సర్వీసు సేసినోడిని, ఆ రోజు నానెందుకు ఒప్పుకున్నాను? మాస్టారి గొడవలో పడిపోనాను. అందుకే తప్పు నాదన్నాను. నిన్ను కాయడానికి కాదు."

ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నారు. మొహం చూస్తే తెలిసిపోయింది. రెండేళ్ళుగా నేను ఆయన్ని నా పాపం మోస్తున్న త్యాగమూర్తిని చేసి కుమిలిపోయాను. ఆయన తన సొంత తప్పొకటి తీరిగ్గా పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"మరి నడకకి రావడం మానేశారెందుకు? నా మాటలకే కదా?"

"మోకాలమ్మా!" అన్నారు విసుగ్గా. "ఆ పరుగుకి వాచిపోనాది. డాక్టరు ఆర్నెల్లు ఆగమన్నాడు. అంతలో ఈ కరోనా వొచ్చినాది." తర్వాత గొంతు తగ్గించారు. "అదొక్కటే కాదనుకో. నన్ను సూసినప్పుడల్లా నీకు ఆ సెరువు గట్టు గేపకం వొస్తాదని కూడా. రోజూ పొద్దున్నే అదెందుకు నీకు?"

"అందరిముందూ అన్నాను. అందరిముందే చెప్తాను" అన్నాను.

"వొద్దమ్మా. ఏటి అవసరం?"

"నాకు అవసరం."

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజు పొద్దున్నే ఆయన్ని స్కూటీ మీద ఎక్కించుకుని తెలీబంధా తీసుకొచ్చాను. దారి పొడుగునా ఆయన వెనకనుంచి ఎడమపక్క లారీ, కుడిపక్క ఆటో అని చెప్తూనే ఉన్నారు. చెరువు దగ్గర అందరినీ నిలబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ రోజు లోకల్లో వయసైపోయిందన్నాయన బాబాయ్ గారి దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నర్సమ్మ గారు నాకేసి చూసి తలూపారు. మాస్టారు మాత్రం, "రెండేళ్ళు లేటు. ఏమిటి కారణం?" అన్నారు. దానికి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. అంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

తర్వాతి రెండో శనివారం మళ్ళీ ఆ సెక్షనే పెట్టించింది ఆయన. వేరేదేదైనా పెడదాం అన్నాను. వినలేదు. స్వాతి కూడా వస్తానంది, అప్పటికి నా భుజం దాకా ఎదిగింది. తిల్దాకి ముందు స్టేషన్లో దిగి బళ్ళబాట మీదకి వచ్చాక అందరూ ఎప్పట్లాగే ముందుకి సాగారు. నేను పక్కకి జరిగి ఆయన వెనక్కి వెళ్ళేదాకా ఆగాను. ఆయన నడవలేదు.

"నువ్వుండు ఎనకాల" అన్నారు.

"నేనా? ఒద్దు బాబాయ్ గారూ, నా వల్ల కాదు. నన్ను నేనే నమ్మను."

"నాను ముందుకెల్తాను. ఈ వయసొచ్చినాది, రాబోయే దారి ఎలాగుంటాదో నానెప్పుడూ సూడలేదమ్మా. ఇయ్యాళ సూస్తాను. ఛార్జి తీసుకున్నావా?"

ఫోను ఆపేసి సంచీ అడుక్కి తోసేశాను. "తీసుకున్నాను" అన్నాను.

ఆయన ఒక్కొక్కరినే దాటుకుంటూ ముందుకి వెళ్ళారు. మాస్టారిని దాటారు, నర్సమ్మ గారిని దాటారు, స్వాతిని దాటారు. అందరికంటే ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పొలాలకేసీ చెట్లకేసీ చూసుకుంటూ నడిచారు. నేను మొత్తం దారి తలలు లెక్కపెడుతూనే ఉన్నాను. మా అమ్మాయి చెప్పు సరిచేసుకుంటే ఆగాను, మాస్టారు నీళ్ళు తాగితే ఆగాను. చెరువు గట్టు మీద అందరూ నడుస్తుంటే మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాను. ఎప్పుడో ఒకప్పుడు ఆయన ఆగి, తల తిప్పి, నేను సరిగ్గా చూస్తున్నానో లేదో చూసుకుంటారని ఎదురు చూశాను. తిల్దా వచ్చేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.